సముద్రం వైపు నుంచి తీసిన ఫోటో

మా కోడలు నాగశ్రీ గురించి మాట వస్తే నా నోరు ఊరుకోదు. అత్త కోడల్ని పొగిడితే ఎవరూ నమ్మరని నాకు తెలుసు. నమ్మకపోతే మానెయ్యండి. పలాస కాశీబుగ్గలో బస్సు దిగి, మార్కెట్ వీధిలోకి తిరిగి, భాను స్టూడియో ఎక్కడా అని ఎవరినైనా అడిగి చూడండి. "నాగశ్రీగారి స్టూడియోయేనా?" అని ఎదురు అడుగుతారు. బోర్డు మీద మాత్రం ఇప్పటికీ మా ఆయన భానుమూర్తి పేరే ఉంది. మార్చమని నేనే అంటాను, అది వినదు. "మామయ్యగారి పేరు అలాగే ఉండనివ్వండి అత్తయ్యా, నాకు ధైర్యంగా ఉంటుంది" అంటుంది. ఆ పేరు కింద నిలబడి పని చేస్తున్నదెవరో ఊరందరికీ తెలుసు. నాకు అది చాలు.

ఈ రోజుల్లో ఫ్యామిలీ ఫోటో అనగానే మొదలయ్యే గొడవ ఒకటే. అవుట్‌డోరా, స్టూడియోనా? కుర్రవాళ్లకి బారువ బీచ్ కావాలి, చున్నీలు గాలికి ఎగరాలి. పెద్దవాళ్లకి స్టూడియో కావాలి, ఇస్త్రీ నలగకుండా ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవాలి. షాపులో నా కళ్లముందే పోట్లాడుకుంటారు. నేనైతే, పంతులమ్మని కదా, బడిలో పిల్లల్ని విడదీసినట్టు చెరో మూలా నిలబెట్టేదాన్ని. నాగశ్రీ ఇద్దరి మాటా పూర్తిగా విని, ఒక్కటే అడుగుతుంది.

"ఫోటో ఎక్కడ తగిలిస్తారండీ?"

ఆ ప్రశ్నకి ఎవరూ సిద్ధపడి రారు. టెక్కలి నుంచి వచ్చిన లెక్చరర్ దంపతులు బీచ్ తప్ప వద్దన్నారు. తగిలించేది మంచం పట్టిన వాళ్లమ్మగారికి ఎదురుగా అని తెలిశాక, వాళ్లని స్టూడియోకే రమ్మంది. చూపు మందగించిన పెద్దావిడకి అలలూ ఆకాశం ఎందుకు, మొహాలు పెద్దగా కనబడాలి గానీ. కంచిలి నుంచి సూర్యారావుగారని కొబ్బరితోటల ఆసామి వచ్చారు. ఆయనకి వెనక అద్దాల మేడ ఉన్న తెర కావాలి. ఫోటో విశాఖపట్నంలో కొడుకు కొత్తగా కొన్న ఫ్లాటులో పెడతారట. "ఆ మేడలు అక్కడ కిటికీ తీస్తే కనిపిస్తాయి కదండీ" అని చెప్పి, ఆయన్ని తోటకి తీసుకెళ్లింది. తుఫానుకి చెట్లన్నీ పడిపోతే ఆయన మళ్లీ నాటించిన మొక్కలు అప్పుడే కాపుకొచ్చాయి. ఆ వరస ముందు నిలబెట్టి తీసింది. ఆయన ఫోటో చూసుకుని మీసం సవరించుకున్నారు.

నాగశ్రీ పుట్టిల్లు టెక్కలి. వాళ్ల నాన్నగారు గుళ్లో అర్చకులు. పెళ్లిచూపులకి మా ఆయన అలవాటు కొద్దీ కెమెరా పట్టుకొచ్చారు. పెళ్లికూతుర్ని ఫోటో తీయబోతే, తల వంచుకుని కూర్చోవలసిన పిల్ల, "నేను ఇటు తిరిగి కూర్చుంటానండీ, కిటికీ వెలుగు మొహం మీద పడుతుంది" అంది. మా అబ్బాయి గిరీష్ ఇంకా నోరు తెరవనే లేదు, ఆయన నా చెవిలో "ఈ సంబంధం ఖాయం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లకి ఎంత నోరు అని తిరుగు ప్రయాణమంతా సణిగాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

గిరీష్ ఒక ఆఫీసులో గుమాస్తా. ఫైలు పట్టుకుంటే బాగానే ఉంటాడు, కెమెరా పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. నాగశ్రీ ముందు కౌంటర్లో కూర్చుంది, తరవాత లైట్లు సర్దింది, ఆ తరవాత మామగారి వెనకాలే పెళ్లిళ్లకి వెళ్లింది. అర్చకుల అమ్మాయి మెడలో కెమెరా తగిలించుకుని ఊళ్లు తిరగడమేటని మా బంధువులు ముక్కున వేలేసుకున్నారు. "కెమెరా దాని మెడలో ఉంటే మీ మెడలెందుకు నొప్పెడుతున్నాయి?" అని అడిగాను. మళ్లీ నా ముందు ఆ మాట ఎత్తలేదు.

మా ఆయన పోయినప్పుడు, షాపు సెల్‌ఫోన్ల వాళ్లకి అద్దెకిచ్చేయమని అందరూ సలహా ఇచ్చారు. పెద్దకర్మ అయిన మర్నాడు నాగశ్రీ వెళ్లి షట్టరు ఎత్తింది. మొదటి గిరాకీ నేనే. ఏదో కాగితానికి ఫోటో కావలసి వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను గానీ మొహం కర్రలా బిగుసుకుపోయింది. అది కెమెరా వెనక నుంచి, "అత్తయ్యా, మనింట్లో అందరికంటే ముందు లేచేదెవరు?" అని అడిగింది. ఇంకెవరు, ఆయనే. తను లేచి, కాఫీ కోసం నన్ను లేపేవారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. టక్కున నొక్కేసింది. నా ఫోటోల్లో నాకు నచ్చినది అదొక్కటే. అప్పటినుంచి నాగశ్రీ ఎవరినీ నవ్వమని అడగదు. ఆ ప్రశ్న అడుగుతుంది. ఏ ఇంటివాళ్లయినా సరే, వెంటనే అందరూ ఒక మనిషి వైపు తిరుగుతారు, మొహాలు వాటంతటవే వికసిస్తాయి.

ఇక స్టూడియోలో నా సొత్తు అని చెప్పుకోదగ్గది ఒకటుంది. సముద్రం తెర. షాపు తెరిచిన కొత్తలో బరంపురం నుంచి ఒక ఆర్టిస్టుని పిలిపించి మా ఆయన వేయించారు. నీలంగా కెరటాలు, ఒక తెరచాప పడవ, పక్కన వంగిన కొబ్బరిచెట్టు. పలాసలో ఒక తరం పెళ్లిజంటలన్నీ ఆ సముద్రం ముందు నిలబడినవే. ఇప్పుడు ఎవరూ అడగరు. అయినా నాగశ్రీ దాన్ని చుట్టి, గోడకి ఎత్తుగా కట్టి, దుమ్ము పడకుండా కాపాడుతుంది.

ఆ తెర మూలంగానే అప్పలనరసమ్మ కథ బయటికొచ్చింది.

అప్పలనరసమ్మ బారువ దాటాక ఉండే చిన్న పల్లె మనిషి. గంపలో ఎండు నెత్తళ్ల చేపలు పెట్టుకుని, పాసింజరు బండిలో పలాస వచ్చి, మా షాపు ఎదురుగా మార్కెట్లో కూర్చునేది. నేను బడికి వెళ్లేటప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే, "పంతులమ్మా, ఈ వాసనకే మా పిల్లలు పెరిగినారు, నీకేటవదులే" అని నవ్వేది. ఎండాకాలం మా కుండలో నీళ్లు తాగి, షాపు మెట్ల మీద కాసేపు నడుం వాల్చేది. అలా మొదలైన మాటలు ఏళ్ల తరబడి సాగాయి. ఆమె భర్త సముద్రం మీద చేపలవేటకి వెళ్లి తిరిగి రాలేదని, తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది గానీ మనిషి జాడ దొరకలేదని అప్పట్లోనే చెప్పింది. ముగ్గురు కొడుకుల్నీ ఆ గంప మీదే పెంచింది.

పెద్దవాడు త్రినాథ్, రెండోవాడు మన్మథరావు గుజరాత్‌లో వెరావల్ వెళ్లి అక్కడ బోట్ల మీద పనిచేస్తారు. చిన్నవాడు బైరాగి ఊళ్లోనే వేట. ముగ్గురూ ఇంట్లో ఉండే రోజులు చాలా తక్కువ. వేసవిలో ఇక్కడ వేట నిషేధం, జూన్ వస్తే అక్కడ నిషేధం. రెండూ కలిసేది జూన్ మొదట్లో కొద్ది రోజులే. ఆ రోజుల్లో కూడా ఏదో ఒక అడ్డం. ఒక ఏడు రైలు టికెట్లు దొరకలేదు, ఒక ఏడు యజమాని పంపలేదు. మొన్నటి జూన్‌లో ముగ్గురూ దిగారు. అప్పలనరసమ్మ చీర చెంగుతో చెమట తుడుచుకుంటూ షాపుకి వచ్చింది.

"కోడలమ్మా, నా కొడుకులు ముగ్గుర్నీ, కోడళ్లనీ, పిల్లల్నీ పెట్టి ఒక ఫోటో తియ్యాల. ఈ ఏడు తియ్యకపోతే మరి నాను ఉంతానో నేదో."

"ఆ మాటెందుకమ్మా, తీస్తాను" అంది నాగశ్రీ.

"ఇక్కడే తియ్యాల. ఈ గదిలోనే."

వెనకే వచ్చిన త్రినాథ్ తల పట్టుకున్నాడు. "అక్కా, నువ్వయినా సెప్పు. ఊరూరూ ఫోటోలకి మా ఒడ్డుకే వత్తన్నారు. మేం పుట్టిన ఒడ్డది. దాన్నొదిలేసి మేము ఈ గదిలోకి రావడమేటి?"

"నాను ఒడ్డున తీయించుకోను. అంతే" అంది అప్పలనరసమ్మ.

నాగశ్రీ తన ప్రశ్న అడిగింది. "ఎక్కడ తగిలిస్తావమ్మా?"

"గుమ్మానికి ఎదురుగుండా గోడకి. తలుపు తీత్తే బయటికి కనపడాల."

అందరూ లోపలికి వచ్చినవాళ్లకి కనపడాలంటారు. ఈవిడ బయటికి కనపడాలంటోంది. వాళ్ల గుమ్మం ముందు వీధి లేదు, ఎదురిల్లు లేదు. ఇసక, ఆ తరవాత సముద్రం. నాగశ్రీ ఆవిడ మొహంలోకి ఒకసారి చూసింది. మర్నాడు పొద్దున్నే రమ్మంది.

మర్నాడు మేజిక్ బండి నిండా దిగారు. కోడళ్లు పట్టుచీరల్లో, పిల్లలు కొత్త బట్టల్లో, ముగ్గురు కొడుకులు తెల్లచొక్కాల్లో. స్టూడియో కిటకిటలాడిపోయింది. నాగశ్రీ పిల్లల్ని కింద కూర్చోబెట్టి, పెద్దవాళ్లని వెనక నిలబెట్టి, అప్పలనరసమ్మని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టింది. వెనక బూడిదరంగు తెర. త్రినాథ్ ఆ తెర చూసి పెదవి విరిచాడు.

"ఇదేటక్కా, పోలీస్‌స్టేషన్లో నిలబెట్టినట్టుంది. సముద్రం తెర నేదా? మా సిన్నప్పుడు అమ్మ ఎంట వచ్చి సూసీవోల్లం."

ఆ మాట వినేసరికి నా ప్రాణం లేచొచ్చింది. సముద్రం తెరని అడిగేవాళ్లు ఇన్నాళ్లకి దొరికారు! అమ్మ కోరినట్టు స్టూడియో, కొడుకులు కోరినట్టు సముద్రం. ఇంతకన్నా చక్కటి పరిష్కారం ఏముంటుంది? నాగశ్రీ ఏదో అనబోయేలోపే నేను వెళ్లి తాడు వదిలేశాను. మా ఆయన సముద్రం జరజరా కిందికి దిగింది. పిల్లలు ఓహో అని అరిచారు.

అప్పలనరసమ్మ వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలోంచి లేచింది. కుర్చీని రెండు చేతులా పట్టుకుని తెర వైపు తిప్పి, కెమెరాకి వీపు పెట్టి, ఆ బొమ్మ కెరటాలకి ఎదురుగా కూర్చుంది.

గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. "ఏటి అప్పలనరసమ్మా, నీ జడని తియ్యాలా మా కోడలు?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"నాను సంద్రానికి ఈపు పెట్టను పంతులమ్మా."

"అది బొమ్మే కదా!"

"బొమ్మయితే ఏటి, సంద్రమే కదా."

త్రినాథ్ దగ్గరికి వెళ్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మాకు వినపడేలా అతనే చెప్పాడు. వాళ్ల నాయనమ్మ పెట్టిన ఆచారమట. ఇంట్లో మగవాడు వేటకెళ్తే, అతను తిరిగొచ్చేదాకా ఆ ఇంటి ఆడది ఒడ్డున సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. నడిచి ఇంటికి పోవచ్చు, పని చేసుకోవచ్చు. ఒడ్డున ఆగి నిలబడితే మాత్రం మొహం అటే ఉండాలి. ఎదురు చూస్తున్నామని అతనికి తెలియాలి.

"అది యేటకెల్లినప్పుడు కదే అమ్మా" అన్నాడు త్రినాథ్, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఇప్పుడు నిషేధం. ముగ్గురం నీ ముందే ఉన్నాం. సంద్రం మీద మనోల్లు ఎవరున్నారు సెప్పు?"

"మీ అయ్య రానేదు కదరా" అంది అప్పలనరసమ్మ.

 బైరాగి గోడ వైపు తిరిగిపోయాడు. తండ్రి సముద్రంలోకి వెళ్లినప్పటికి వాడింకా పుట్టలేదు, తల్లి కడుపులో ఉన్నాడు. ఇన్నేళ్లుగా మా ఎదురుగా కూర్చుని, వాసన గురించి నన్ను ఆటపట్టిస్తూ నవ్విన మనిషి, మనసులో ఇంత నిరీక్షణ మోస్తోందని నాకు ఎక్కడ తెలుసు? నా కళ్లు నిండిపోయాయి. ఫోటో బయటికి కనపడేలా తగిలిస్తానన్నది ఎవరికోసమో అప్పుడు తెలిసింది.

నాగశ్రీ తాడు లాగి సముద్రాన్ని పైకి చుట్టేసింది. మళ్లీ బూడిదరంగు తెర ముందు అందర్నీ సర్ది ఫోటోలు తీసింది. మా కోడలు తీసింది కాబట్టి వంక పెట్టడానికేం లేదు, అన్నీ శుభ్రంగా వచ్చాయి. అప్పలనరసమ్మ కంప్యూటర్ తెర మీద చూసి "బాగున్నాదమ్మా" అంది. పక్కింటివాళ్లు పంపిన కూర బాగోలేకపోయినా బాగుందన్నట్టు అంది.

అక్కడితో ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అడిగిన చోటే తీసింది, అడిగినట్టే తీసింది. కానీ నాగశ్రీ వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చుంది.

"అమ్మా, ఈ ఫోటో ఆయనకి కనపడాలనే కదా?"

అప్పలనరసమ్మ తలూపింది.

"ఈ బూడిదరంగు గోడ ముందు మిమ్మల్ని చూస్తే ఆయనకేం తెలుస్తుంది? ఇది ఏ ఊరో, ఎవరి ఇల్లో అనుకోరూ? మీరంతా మీ ఒడ్డునే నిలబడండి. సముద్రానికి ఎదురుగా, ఎప్పుడూ నిలబడినట్టే. వెనక మీ ఊరు, మీ తెప్పలు, నువ్వు కట్టిన ఇల్లు ఉంటాయి."

"మరి నువ్వెక్కడుంతావు?"

"సముద్రంలో."

 ఈ పిల్లకి ఈత రాదు. టెక్కలిలో చెరువు మెట్లు కూడా దిగి ఎరగదు. అప్పలనరసమ్మకి మాత్రం వేరే బెంగ పట్టుకుంది. "నీ ఈపు సంద్రంకేసుంటది కదమ్మా" అంది.

"ఆ పూట నేను ఆయన పక్కన ఉన్నట్టే అనుకో. ఆయన ఎటు చూస్తే నేనూ అటే" అంది నాగశ్రీ.

 అప్పలనరసమ్మ నాగశ్రీ గెడ్డం పట్టుకుని, "రేపొద్దున్న వచ్చీయ్" అంది. ఎల్లుండి నుంచి బైరాగికి వలల పని, ఆ వెంటనే వేట. రేపు తప్పితే ముగ్గురూ దొరకరు.

ఇంటికొచ్చాక గిరీష్ గోల పెట్టాడు. ఫోటోకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అన్నాడు. ఒడ్డునే నడుం లోతులో నిలబడి తీయకూడదా అన్నాడు. "అలలు విరిగేది అక్కడేనండీ, కెమెరా నిలవదు. ఆ వరస దాటి అవతల ఉండాలి" అంది నాగశ్రీ. వాడు నా వైపు చూశాడు, నేను వద్దంటానని. నిజానికి అందామనే నోరు తెరిచాను. "నేను కూడా వెళ్తున్నాను" అని వచ్చింది. ఎలా వచ్చిందో నాకే తెలియదు.

తెల్లారేసరికి ఆ పల్లెలో ఉన్నాం. ఊరంతా ఒడ్డునే ఉంది. అప్పలనరసమ్మ కొడుకులు ఫోటోలో ఉండాలి కాబట్టి, పక్కింటి పైడిరాజు తెడ్లు వేసే చిన్న తెప్ప తెచ్చాడు. లైఫ్ జాకెట్ తొడిగించి, పోలితీన్ చుట్టిన కెమెరాతో సహా మా కోడల్ని అందులో కూర్చోబెట్టాడు. జూన్ నెల సముద్రం మంచి కోపంగా ఉంటుంది. మొదటి కెరటం తెప్పని నిట్టనిలువుగా లేపింది. నేను తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాను. రెండో కెరటానికి నాగశ్రీ జడ దగ్గర్నుంచి కాలి మట్టెలదాకా తడిసిపోయింది. మూడోది దాటాక తెప్ప అంచు పట్టుకుని వంగి, బయల్దేరేముందు తిన్నదంతా సముద్రానికి సమర్పించింది. పైడిరాజు వెనక్కి తిప్పనా అని సైగ చేశాడు. అది చేత్తో మూతి తుడుచుకుని, వద్దని తలాడించి, కెమెరా తీసింది. అది నా కోడలు! ఆ క్షణాన ఒడ్డున ఉన్న వాళ్లందరికీ వినపడేలా ఆ మాట పైకే అన్నాను.

ఇక్కడ అప్పలనరసమ్మ తన వాళ్లని తనే సర్దుకుంది. ముగ్గురు కొడుకులు, వాళ్ల పక్కన పెళ్లాలు, ముందు పిల్లలు. తను మధ్యలో, కుర్చీ వద్దని నిలబడింది. వెనక రంగురంగుల తెప్పలు, ఆరబెట్టిన వలలు, అవతల కొబ్బరిచెట్ల సందులోంచి ఆవిడ గంప మోసి కట్టుకున్న స్లాబు ఇల్లు. ఎదురుగా సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చి అందరి మొహాల మీదా ఎర్రగా పడ్డాడు. బీచ్ ఫోటోలకి వచ్చేవాళ్లంతా పొద్దుటి పూట ఆ వెలుగుకి వీపులు పెట్టి, నల్లటి మొహాలతో వెళ్లిపోతారు. పెళ్లిచూపుల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్న పిల్ల నాకు గుర్తొచ్చింది.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. అందరూ బిర్రబిగుసుకుని ఉన్నారు, స్టూడియోలో కన్నా ఎక్కువగా. నాగశ్రీ తెప్ప మీంచి ఏదో అరుస్తోంది. కెరటాల హోరులో ఒక్క ముక్క వినిపించలేదు. చేతులు నోటి చుట్టూ పెట్టి మళ్లీ అరిచింది, తరవాత నన్ను చూపించింది. నాకు అర్థమైంది. దాని ప్రశ్న ఈసారి నేను అడగాలి. గోడల్లేని బడిలో పక్క క్లాసు గోల మీద పాఠం చెప్పిన గొంతు నాది. నిండా ఊపిరి పీల్చి అరిచాను.

"మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు?"

కొడుకులూ కోడళ్లూ పిల్లలూ అందరూ ఒక్కసారిగా అప్పలనరసమ్మ వైపు తిరిగారు. "అమ్మే!" "మా మామ్మే!" అని నవ్వులు. నెత్తళ్ల గంప కోసం తెల్లారకముందే లేచిన మనిషి కదా, ఆవిడ కాక ఇంకెవరు?

ఆవిడ మాత్రం వాళ్ల వైపు చూడలేదు. సముద్రం కేసే చూస్తూ, "నానెక్కడ, ఆడే లేచీవోడు. లేచి నన్ను లేపీవోడు" అంది. అని నవ్వింది. సిగ్గుపడుతూ, కొత్త పెళ్లికూతురిలా నోరారా నవ్వింది. పాతికేళ్లు దాటిన పరిచయంలో ఆ నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు.

నాగశ్రీకి ఆ మాట వినపడలేదు. నవ్వు మాత్రం అందింది.

నాలుగు రోజుల తరవాత ఫ్రేము కట్టించి మేమిద్దరం పట్టుకెళ్లాం. ఆ ఫోటోని మాటల్లో చెప్పడం నావల్ల కాదు. పిల్లలూ పెద్దలూ అందరూ నవ్వుతూ ఆవిడని చూస్తున్నారు, ఆవిడ మనల్ని చూస్తోంది. ఫోటో ముందు నిలబడితే, మనమే ఎక్కడినుంచో చాలా కాలానికి ఇంటికి తిరిగొస్తున్నట్టు ఉంటుంది. నేను ఎన్నో ఫోటోలు పుట్టిన ఇంట్లో బతికినదాన్ని. మా ఆయన తీసినవాటిలో ఇలాంటిది లేదు. ఆయన ఉంటే ఈ మాట ఆయనే ముందు అనేవారు, అని ఊరందరికీ చూపించేవారు.

త్రినాథ్ మేకు కొట్టి, గుమ్మానికి ఎదురు గోడకి తగిలించాడు. ఎత్తు సరిచూసి, "సరిపోయిందా అమ్మా?" అన్నాడు. అప్పలనరసమ్మ వెళ్లి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. ఎదురుగా ఇసక, ఆ వెనక సముద్రం. గుమ్మంలో నిలబడితే అడ్డమవుతానని కాస్త పక్కకి జరిగింది. మమ్మల్ని కూడా జరగమంది. నేనూ నాగశ్రీ గోడకి ఆనుకుని నిలబడ్డాం. మేం అక్కడ ఉన్నామన్న సంగతి కూడా ఆవిడకి పట్టలేదు. ఫోటోలో చివర నిలబడ్డ బైరాగిని వేలితో చూపించి, బయటికి చూస్తూ మామూలుగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అదిగో, ఆ సివర నిలబడ్డోడు. ఆడే నీ సిన్నోడు. నువ్వు సూడ్నేదు కదా, సూసుకో."

నాగశ్రీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ఫోటో తీసిన చెయ్యి అది. నేను వదల్లేదు.